క్రియాటినిన్ 1.2 నుంచి 1.5కి పోయింది, ఎవరికైనా ఇలా అయిందా?

ఎనిమిదోనెల:
కిడ్నీ మార్పిడి అయి ఎనిమిది నెలలు. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాలుగు నెలలుగా 1.2 దగ్గరే ఉండేది, ఈసారి 1.5 వచ్చింది. మూత్రం బాగానే వస్తోంది, వాపుల్లేవు, నొప్పి లేదు. రాత్రంతా ఆ రిపోర్టే తెరిచి చూస్తూ కూర్చున్నా. సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, అప్పటిదాకా ఆగొచ్చా?

పాతకాపు:
ఆగకండి, ఇవాళే మీ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి. నొప్పి లేదు కదా అని ధీమా పడొద్దు, రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) చాలాసార్లు చడీచప్పుడు లేకుండానే మొదలవుతుంది. అలాగని అదేనని బెంగపడకండి. నాకు రెండో ఏట ఇలాగే పెరిగితే, చివరికి విరేచనాల వల్లని తేలింది. ఒంట్లో నీరు తగ్గడం ఒకటి, విరేచనాలప్పుడు టాక్రోలిమస్, అదే రిజెక్షన్ రాకుండా మనం వేసుకునే మందు, రక్తంలోకి ఎక్కువ ఎక్కడం ఇంకొకటి. అది ఎక్కువైతే కిడ్నీకే దెబ్బ. మీకు ఈమధ్య కడుపు బాగోలేదా? కొత్త మందులేమైనా?

ఎనిమిదోనెల:
కడుపు బాగానే ఉందండీ. దగ్గుకి వేరే డాక్టరు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఐదు రోజులు వాడాను. మార్పిడి సంగతి చెప్పాను కూడా.

అమ్మిచ్చినకిడ్నీ:
అదే అయ్యుండొచ్చు! అది టాక్రోలిమస్ లెవెల్‌ని బాగా పెంచేస్తుంది. ఫంగస్‌కి వేసే ఫ్లూకోనజోల్ కూడా అంతే. టీబీ మందు రిఫాంపిసిన్‌తో అయితే లెవెల్ పడిపోతుంది.
లెవెల్ పరీక్షకి ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లండి. రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లు రాత్రి డోసు తర్వాత 12 గంటలకి రక్తం ఇవ్వాలి. నేనోసారి అలవాటు కొద్దీ మింగేసి వెళ్తే 19 వచ్చింది, ఇంట్లో అందరికీ గుండెలు జారాయి. మర్నాడు సరిగ్గా ఇస్తే 7! అప్పట్నుంచీ మాత్ర జేబులో పెట్టుకుని వెళ్తా, సూది తీసి దూది అద్దాకే నోట్లో వేసుకుంటా.

మాఆయనకోసం:
క్రియాటినిన్ ఒక్కటే పట్టుకు కూర్చోకండి. మా ఆయనకి అది కదలకముందే రక్తపరీక్షలో బీకే వైరస్ (మార్పిడి కిడ్నీని పాడుచేసే వైరస్) బయటపడింది. దానికి ఇమ్యూనిటీని అణిచే మందులు తగ్గిస్తారు, రిజెక్షన్‌కైతే పెంచుతారు. రెండూ ఒకదానికొకటి ఎదురు! అందుకే సొంతంగా డోసు ముట్టుకోవద్దు. మూత్రంలో ప్రొటీన్ చూశారా?

ఎనిమిదోనెల:
నిన్న ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. లెవెల్ 14, డోసు తగ్గించారు. బయాప్సీ ఇప్పుడే వద్దట, గురువారం మళ్లీ రక్తం ఇవ్వాలి. ప్రొటీన్ రిపోర్టు ఇంకా రాలేదు.

ఎనిమిదోనెల:
గురువారం 1.3. ప్రొటీన్ నార్మల్. ఇవాళ పడుకుంటా.