బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినందుకు, ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి బంతి వేసే అవకాశం) వేసేటప్పుడు లేన్ (బుట్ట ముందు గీతలతో గుర్తించిన ప్రాంతం) వెంబడి ఎవరు ఎక్కడ నిలబడాలి? ముందే కదిలితే ఏమవుతుంది?

ప్రశ్న – కొత్త విజిల్

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం జరిగే పోటీలకు రిఫరీగా వెళ్లడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక ఆటలో డిఫెన్స్ జట్టు బుట్టకు దగ్గరగా ఉండే మొదటి స్థానాన్ని ఒకవైపు ఖాళీగా వదిలేస్తే, షూటర్ (ఫ్రీ త్రో వేసే ఆటగాడు) జట్టు ఆటగాడు వచ్చి అక్కడ నిలబడ్డాడు. నేను వారించగా, ఖాళీగానే ఉంది కదా అని వాదించాడు. అదే ఆటలో, రెండు ఫ్రీ త్రోలలో మొదటిది వేస్తుండగా, బంతి ఇంకా షూటర్ చేతిలో ఉన్నప్పుడే ఒక డిఫెండర్ లేన్‌లోకి అడుగు పెట్టాడు. ఆ బంతి బుట్టలో పడలేదు. చివరి ఫ్రీ త్రో కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదని తోటి రిఫరీ అన్నారు. ఈ రెండు సందర్భాలలో సరైన నిర్ణయం ఏమిటో వివరించగలరు.

జవాబు – బేస్‌లైన్

మొదటి విషయంలో మీరు వారించడం సరైనదే. లేన్ వెంబడి ఉండే రీబౌండ్ స్థానాలలో (బుట్టలో పడక తిరిగివచ్చే బంతి కోసం నిలబడే చోట్లు) గరిష్ఠంగా ఐదుగురు, అంటే ముగ్గురు డిఫెండర్లు, షూటర్ జట్టు నుంచి ఇద్దరు, ఒకరి పక్కన ఒకరుగా మారుమారి నిలబడవచ్చు. రెండు వైపులా బుట్టకు దగ్గరగా ఉండే మొదటి స్థానం షూటర్ ప్రత్యర్థులకే చెందుతుంది. వారు దానిని వదులుకున్నంత మాత్రాన ఆ హక్కు అవతలి జట్టుకు రాదు. ఆ స్థానం ఖాళీగానే ఉండిపోతుంది. ఇలాంటివి బంతిని షూటర్‌కు అందించకముందే సరిచేయిస్తే వాదనకు తావుండదు. ఒక్కొక్క స్థానం వెడల్పు 0.85 మీటర్లు, లోతు 1 మీటరు. మొదటి, రెండవ స్థానాల మధ్య 0.40 మీటర్ల తటస్థ పట్టీ ఉంటుంది. బంతి షూటర్ చేతిని వీడేవరకు ఆ పట్టీలోకి కూడా ఎవరూ రాకూడదు, ఈ సంగతి చాలామంది గమనించరు.

రెండవ విషయంలో మీ తోటి రిఫరీ మాట సరికాదు. షూటర్ ప్రత్యర్థి తప్పు చేసి, బంతి బుట్టలో పడకపోతే, అది మొదటి ఫ్రీ త్రో అయినా చివరిది అయినా, షూటర్‌కు దాని బదులు మరొక ఫ్రీ త్రో ఇవ్వాలి. చివరి ఫ్రీ త్రోనా కాదా అన్న తేడా షూటర్ జట్టు సభ్యుడు ముందే కదిలినప్పుడు వస్తుంది: చివరి ఫ్రీ త్రో తప్పిపోతే, ఫ్రీ త్రో గీతకు సమాంతరంగా పక్క గీత దగ్గర నుంచి బంతి ప్రత్యర్థులకు దక్కుతుంది. బంతి బుట్టలో పడితే మాత్రం, షూటర్ తప్ప మరెవరు ముందే కదిలినా పాయింటు చెల్లుతుంది, ఆ తప్పును వదిలేస్తాము. అందుకే అడుగు కదలడం చూడగానే విజిల్ వేయకుండా, బంతి ఏమవుతుందో చూసి నిర్ణయించడం మేలు.

జవాబు – మూడో గీత

షూటర్ సంగతి కూడా చేర్చాలి. అతను బంతి అందిన 5 సెకన్లలోపు వేయాలి, వేసినట్లు నటించకూడదు, బంతి రింగును తాకేవరకు లేదా బుట్టలో పడేవరకు ఫ్రీ త్రో గీతను తొక్కకూడదు. తొక్కితే బంతి లోపల పడినా పాయింటు చెల్లదు. లేన్ వెంబడి నిలబడినవారు బంతి చేతిని వీడగానే కదలవచ్చు గాని షూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. రీబౌండ్ స్థానాలలో లేని మిగిలిన ఆటగాళ్లు ఫ్రీ త్రో గీత పొడిగింపుకూ మూడు పాయింట్ల గీతకూ వెనుకే, ఫ్రీ త్రో ముగిసేదాకా ఉండాలి. టీవీలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు) చూసి షూటర్‌కు 10 సెకన్లు ఉంటాయని వాదించేవారు తరచూ ఎదురవుతారు. అది ఆ లీగు నియమం, ఫిబా ఆటలో చెల్లదు.

కొత్త విజిల్

ఇద్దరికీ కృతజ్ఞతలు. చివరి ఫ్రీ త్రోలో రెండు జట్లవారూ ముందే లోపలికి వచ్చి, బంతి కూడా తప్పిపోతే ఏం చేయాలి?

బేస్‌లైన్

అది జంప్ బాల్ పరిస్థితి, అంటే బంతి ఏ జట్టుదో తేల్చాల్సిన పరిస్థితి అవుతుంది. ఆటగాళ్లను మధ్య వలయానికి పిలవనక్కర్లేదు. ఇలాంటప్పుడు బంతి ఏ జట్టు వంతో చూపే, స్కోరర్ బల్ల మీది బాణం ఏ జట్టు దిశను చూపుతుంటే ఆ జట్టుకు త్రో ఇన్ (గీత బయటి నుంచి బంతిని లోపలికి వేసే అవకాశం) ఇచ్చి, అది ముగియగానే బాణాన్ని తిప్పించండి. టెక్నికల్ ఫౌల్ (ప్రత్యర్థిని ఢీకొనడం కాక, దురుసు ప్రవర్తన వంటి తప్పు) వల్ల వచ్చిన ఫ్రీ త్రోలో ఈ చిక్కే రాదు, అప్పుడు లేన్ వెంబడి ఎవరినీ నిలబెట్టరు.