సర్వర్ డౌన్ అలర్ట్‌కి సొంత స్క్రిప్ట్ చాలదా? ప్రొమీథియస్ పెట్టి తీరాలా?

క్రాన్‌ప్రియుడు:
మాకున్నవి పది పన్నెండు సర్వర్లు. ఒక బాష్ స్క్రిప్టుంది, క్రాన్ దాన్ని నిమిషానికోసారి నడుపుతుంది, కర్ల్‌తో ఒక్కో యూఆర్ఎల్ కొట్టి చూస్తుంది, 200 (అంతా బాగుందనే జవాబు) రాకపోతే టెలిగ్రామ్‌కి మెసేజ్ పడుతుంది. ఇప్పుడు టీమ్‌లోకి కొత్తగా వచ్చినాయన సర్వర్ల లెక్కలు సేకరించే ప్రొమీథియస్, అలర్ట్‌లు పంపే అలర్ట్ మేనేజర్, గ్రాఫులు చూపే గ్రఫానా అన్నీ పెట్టాలంటున్నారు. సర్వర్ బతికుందో లేదో చూడ్డానికి ఇంకో మూడు సర్వీసుల్ని బతికించుకుంటూ కూర్చోవాలా? వంద సర్వర్లు దాటేదాకా స్క్రిప్టే చాలని నా వాదన. కాదంటే కారణం చెప్పండి, "ఇండస్ట్రీలో అందరూ అదే వాడతారు" అనేది కారణం కాదు.

రాత్రిడ్యూటీ:
స్క్రిప్టుతో నాకు పేచీ లేదు బ్రో, అది ఎక్కడ నడుస్తోంది అన్నదాంతోనే. సర్వర్లున్న డేటా సెంటర్‌లోనే ఉంటే నెట్‌వర్క్ పోయిన రోజు స్క్రిప్టూ నోరు మూసుకుంటుంది, మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటావ్. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 (ఫైళ్లు దాచే వాళ్ల క్లౌడ్ సర్వీస్) పడిపోయినప్పుడు వాళ్ల హెల్త్ డాష్‌బోర్డ్‌ను అప్‌డేట్ చేసే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది, దాంతో స్టేటస్ మార్చలేక ట్విట్టర్‌లో చెప్పుకున్నారు. అంత పెద్దవాళ్లకే తప్పలేదు.

క్రాన్‌ప్రియుడు:
వేరే ప్రొవైడర్ దగ్గర చిన్న వీపీఎస్‌లో (అద్దె వర్చువల్ సర్వర్) ఉందన్నా. అంత అమాయకుణ్ని కాదు.

కొత్తనోడ్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. కర్ల్ ఎందుకు, సర్వర్ పలుకుతుందా అని చూసే పింగ్ చాలదా?

పాత_అడ్మిన్:
చాలదమ్మా. పింగ్‌కి జవాబిచ్చేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అప్లికేషన్ బిగుసుకుపోయినా పింగ్ చక్కగా పలుకుతుంది. తిరగేసి చూస్తే, కొన్ని ఫైర్‌వాల్స్ పింగ్ వాడే ఐసీఎంపీ ప్రోటోకాల్‌ని ఆపేస్తాయి, అప్పుడు బతికున్న సర్వర్ కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. కర్ల్‌లోనూ మెలిక ఉంది: ఊరికే పిలిస్తే సర్వర్ 500 (సర్వర్ ఎర్రర్) ఇచ్చినా ఎగ్జిట్ కోడ్ 0 (సక్సెస్) వస్తుంది, "ఫెయిల్" ఆప్షన్ ఇస్తేనే 22 (ఎర్రర్) వస్తుంది. టైమ్ లిమిట్ పెట్టకపోతే ఒక రన్ వేలాడుతుండగానే క్రాన్ ఇంకోటి మొదలుపెడుతుంది, అలా కుప్పపడతాయి. కాబట్టి ఒకసారికి ఒక్క రన్నే నడవనిచ్చే ఎఫ్‌లాక్ కూడా పెట్టాలి.

ఇక క్రాన్‌ప్రియుడు గారికి. మొదటి రోజు ఇరవై లైన్లే ఉంటుంది. తర్వాత ఒక్క ప్యాకెట్ పోయినందుకు అర్ధరాత్రి లేపిందని "వరుసగా మూడుసార్లు ఫెయిలైతేనే" అని చేరుస్తారు. ఆ లెక్క గుర్తుంచుకోడానికి ఒక ఫైల్. మళ్లీ లేచిందని చెప్పడానికి ఇంకో మెసేజ్. మెయింటెనెన్స్ టైమ్‌లో ఊరుకోమని ఇంకో కండిషన్. ఏడాది తిరిగేసరికి మీరు నాగియోస్ అనే పాత మానిటరింగ్ టూల్‌నే మళ్లీ రాసుకుని ఉంటారు, కాకపోతే డాక్యుమెంటేషన్ లేకుండా. అసలు నాగియోస్ ప్లగిన్ అంటే ఏమిటి? స్క్రిప్టే! దాని ఎగ్జిట్ కోడ్ 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 తెలియదు. 1999 నుంచి, నెట్‌సెయింట్ అనే పేరున్నప్పటి నుంచి లోకం అలాగే నడుస్తోంది. చెక్ మీ స్క్రిప్టే చెయ్యనివ్వండి, ఎవరిని ఎప్పుడు లేపాలో మాత్రం టూల్‌కి వదిలెయ్యండి.

క్రాన్‌ప్రియుడు:
ఎగ్జిట్ కోడ్ల సంగతి ఒప్పుకుంటా సార్, మంచి పాయింట్. కానీ నా స్క్రిప్ట్ గిట్‌లో ఉంది, ఎవరైనా పది నిమిషాల్లో చదివేస్తారు. ఏ అలర్ట్ ఎవరికి వెళ్లాలో రాసే అలర్ట్ మేనేజర్ యామల్ ఫైల్ అర్థం చేసుకున్నవాడు టీమ్‌లో ఒక్కడే ఉంటాడు, వాడు సెలవు పెట్టిన రోజే కొంప మునుగుతుంది. పైగా ప్రొమీథియస్ ఆగిపోతే ఎవరు చెప్తారు?

రాత్రిడ్యూటీ:
అదే ప్రశ్న నీ స్క్రిప్టుకీ వేసుకో. వీపీఎస్‌లో డిస్క్ నిండితే, క్రాన్ ఆగితే? అందుకే డెడ్ మ్యాన్స్ స్విచ్ పెట్టాలి: స్క్రిప్ట్ నడిచిన ప్రతిసారీ బయటి సర్వీసుకి "ఉన్నాను" అని ఒక రిక్వెస్ట్ పంపుతుంది, అది రాకపోతే ఆ సర్వీసే నిన్ను లేపుతుంది. ప్రొమీథియస్ వాళ్లూ ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్ పెట్టి, అది ఆగితేనే కంగారు పడతారు. నువ్వు ఏది వాడినా ఇది లేకపోతే నీ నిద్ర ఉత్త నమ్మకం మీదే.

ఇంకోటి, సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు కూడా చూడు. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆగింది దానివల్లే. ఇది స్క్రిప్టులో రెండు లైన్ల పని, ఇక్కడ నీ వైపే ఉన్నా.

కొత్తనోడ్:
మరి టెలిగ్రామ్ డౌన్ అయితే?

పాత_అడ్మిన్:
2021 అక్టోబర్ 4న వాట్సాప్ ఆరు గంటల పాటు పోయింది కదా, ఆ రోజు అలర్ట్‌లన్నీ దాని మీదే పెట్టుకున్నవాళ్లకి ఏం తెలిసుంటుంది? రెండో దారి ఎస్ఎంఎస్సో, ఫోన్ కాలో ఉండాలి. మెయిల్ మీద ఆధారపడొద్దు, చాలా క్లౌడ్ ప్రొవైడర్లు మెయిల్ బయటికి వెళ్లే పోర్ట్ 25 మూసేస్తారు.

క్రాన్‌ప్రియుడు:
ఎస్ఎంఎస్, ఉన్నాను-రిక్వెస్ట్ రెండూ ఈ వారం చేరుస్తా. స్క్రిప్టులోనే. ప్రొమీథియస్ మాత్రం ఇప్పుడప్పుడే కాదు.

పాత_అడ్మిన్:
ముప్పై లైన్లు దాటాక మళ్లీ మాట్లాడుకుందాం.