సరుగుడుపాలెం: లేని స్టేషన్‌కు నమూనా కట్టడం సబబేనా?

గోదావరిగట్టు:
బొమ్మరైలు నమూనాకు ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల సిద్ధమైంది. హెచ్‌ఓ స్కేలు, అంటే 87కి ఒకటి, అసలు కొలతలో 87వ వంతు. కట్టబోయేది కోనసీమ చివర సముద్రం ఒడ్డున ఒక చిన్న టెర్మినస్, అంటే లైను ఆఖరి స్టేషన్. పేరు సరుగుడుపాలెం. మ్యాపులో వెతకకండి, అలాంటి స్టేషన్ లేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైను పట్టాలను రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేశారు కదా, అలా పీకలేదని అనుకుందాం. తర్వాత గౌతమి మీద వంతెన కట్టి అమలాపురం మీదుగా సముద్రం దాకా తీసుకువెళ్లారని అనుకుందాం. కాలం 1985. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను, మూడు పెట్టెల ప్యాసింజరు. ఒక ప్లాట్‌ఫారం, ఇంజను ఇటు నుంచి అటు తిరిగి రావడానికి ఒక లూపు, కొబ్బరికాయలకూ ఎండుచేపలకూ ఒక గూడ్స్ సైడింగు, అంటే పక్క లైను. పట్టాలు ముగిసే డెడ్ ఎండ్ అవతల సరుగుడు తోట, దాని వెనుక సముద్రం. ఎడమ చివర కాలవ మీద గర్డరు వంతెన. అది లేకపోతే కోనసీమే కాదు.
అడిగేది ఒక్కటే. సైడింగు ప్లాట్‌ఫారం వైపు పెట్టాలా, సముద్రం వైపు పెట్టాలా?

పట్టాల_కొలత:
సైడింగు సంగతి తర్వాత. ట్రాక్ ఏది వాడుతున్నారు?

గోదావరిగట్టు:
బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల ఫ్లెక్స్ ట్రాకే, కావలసినట్టు వంచుకునే రెడీమేడ్ పట్టా.

పట్టాల_కొలత:
అనుకున్నాను. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26. మీరు వేసే 16.5 ఐరోపా వాళ్ల 1435కి సరిపోయే కొలత. అంటే కోనసీమలో విదేశీ గేజ్ వేసి దాని మీద మన ఇంజను నడుపుతున్నారు. స్టేషన్ ఊహ అయితే అయింది, గేజ్ కూడా ఊహేనా?

జిగురుసీసా:
మూడు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు కదండీ. మూడడుగుల దూరం నుంచి ఎవరు కొలుస్తారు?

పట్టాల_కొలత:
నేను కొలుస్తాను. కొలవక్కర్లేదు కూడా, ఇంజనును ఎదురుగా నిలబెట్టి చూస్తే చాలు. వెడల్పాటి ఒళ్లు, దాని కింద దగ్గరగా ముడుచుకున్న చక్రాలు. ఒక ప్రదర్శనకు నేను చేత్తో వేసిన ట్రాక్ తీసుకువెళ్లాను. ఒక్కొక్క స్లీపరు కోసుకుని, గేజ్ బిళ్ల పెట్టుకుని, పట్టా అంగుళం అంగుళం టంకం వేశాను. చక్రాలన్నీ ఇరుసుల మీద బయటికి జరిపాను. చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పక్క బల్ల మీద గుండ్రంగా తిరుగుతున్న బొమ్మరైలును చూపించి ‘అదీ ఇదీ ఒకటేగా’ అన్నాడు. ఇలాంటి వేదికల మీద ‘ఎవరు కొలుస్తారు’ అని నేర్పడం వల్లే ఆ మాట వచ్చింది.

గోదావరిగట్టు:
మీ పనితనం గొప్పది, కాదనను. నాకున్న తీరిక సాయంత్రం రెండు గంటలు. పట్టాలు చీలే చోట పెట్టే పాయింట్లు చేత్తో చేసుకుంటూ కూర్చుంటే సరుగుడుపాలెంలో రైలు ఆగే నాటికి నా చూపు ఆగిపోతుంది.

పెట్టెకు_పెట్టె:
గేజ్ ఏదైనా బల్ల మాత్రం చాలదు. లెక్క చూడండి. పెరంబూరు ఫ్యాక్టరీలో చేసే మన ఐసీఎఫ్ పెట్టె 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు. మూడు పెట్టెలు 74. ఇంజను 20. అది పెట్టెల నుంచి ఊడి ముందుకు వెళ్లి నిలబడటానికి డెడ్ ఎండ్ దగ్గర 22 కావాలి. లూపుకు రెండు వైపులా పాయింట్లు, ఒక్కొక్కటి 22. ఇంతవరకే 140. తెర వెనుక రైలు దాచుకునే ఫిడిల్ యార్డుకు ఇంజనుతో కలిపి 94. మొత్తం 234. మీ బల్ల 244. అది లేకపోతే కోనసీమే కాదన్న వంతెనకు మిగిలింది పది సెంటీమీటర్లు.

గోదావరిగట్టు:
ఇది పనికొచ్చే మాట. ఆలోచిస్తాను.

విశ్రాంత_గార్డు:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ముప్పైమూడేళ్లు రైల్వేలో చేసినవాణ్ని కనుక అడుగుతున్నాను. కోటిపల్లి లైను నిజంగా ఉంది. రామచంద్రపురం ఉంది, ద్రాక్షారామం ఉంది. 2004లో పట్టాలు మళ్లీ వేశారు, రైలు నడిచింది. ఇన్ని నిజమైన స్టేషన్లు ఉండగా లేని దాన్ని కట్టడం దేనికి? పైగా సముద్రపు ఇసుకలో ఏ ఇంజనీరూ స్టేషన్ కట్టడు.

మీటర్‌గేజ్_అభిమాని:
ధనుష్కోటిలో కట్టారు కదండీ.

విశ్రాంత_గార్డు:
కట్టారు. 1964 డిసెంబరు తుపానులో ప్యాసింజరు రైలుతో సహా పోయింది. మళ్లీ కట్టలేదు. నేను చెప్పేదీ అదే.

గోదావరిగట్టు:
గార్డు గారూ, ధనుష్కోటి స్టేషన్ సిలోనుకు వెళ్లే ఓడల కోసం కట్టింది, ఆ సంగతి వేరు. లేని స్టేషన్లు కట్టడం ఈ సరదాలో మొదటి నుంచీ ఉన్నదే. ఇంగ్లండులో సగం మంది కట్టేది సముద్రపు ఒడ్డున ఎక్కడా లేని బ్రాంచి స్టేషనే. చిన్న బల్ల మీద పట్టేది అదొక్కటే కనుక. ద్రాక్షారామం స్టేషన్‌ను ఉన్నది ఉన్నట్టు కట్టాలంటే ఇల్లు ఖాళీ చేయాలి.

జిగురుసీసా:
సముద్రం అన్నారు కాబట్టి ఒక మాట. నిజం ఇసుక పొరపాటున కూడా తేవద్దు. మన తీరపు ఇసుకలో నల్లటి రవ్వలుంటాయి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అవి ఇంజను మోటారులోకి చేరితే గరగరమని ఆగిపోతుంది. పైగా 87కి ఒకటి స్కేలులో ఇసుక రేణువు కంకర రాయంత కనిపిస్తుంది. పలకల మధ్య నింపే గ్రౌట్ పొడిని పలచటి గుడ్డలో జల్లించి, ఫెవికాల్‌లో నీళ్లూ ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బూ కలిపి డ్రాపర్‌తో వేయండి. సబ్బు లేకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలుస్తుంది.

గోదావరిగట్టు:
మంచి మాట చెప్పారు. డబ్బా నిండా అంతర్వేది ఇసుక తెచ్చి పెట్టుకున్నాను. అది అటకెక్కింది.

విశ్రాంత_గార్డు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఇంగ్లండు వాళ్లు ఏం కడతారో నాకు అనవసరం. ‘పీకలేదని అనుకుందాం’ అన్నారు. అలా అనుకోవడానికి మీరెవరు?

గోదావరిగట్టు:
నా బల్ల, నా డబ్బు, నా ఊహ. దీనికి కూడా పాసు చూపించాలా?

విశ్రాంత_గార్డు:
వెటకారం అవసరం లేదు. మా నాన్నగారు ఆ లైనులో గ్యాంగ్‌మన్. ఎండలో కంకర దట్టించి చక్కబెట్టిన పట్టాలను ఆ గ్యాంగు చేతే ఊడదీయించారు. లైనే లేనప్పుడు గ్యాంగు దేనికి? ఊరు విడిచి సామర్లకోట వైపు వచ్చేశారు. మా ఇంట్లో పెద్దవాళ్లు చచ్చేదాకా చెప్పుకున్న కథ అది. మీరు ఒక వాక్యంలో ‘పీకలేదు’ అని కొట్టేసి పైన కొబ్బరిచెట్లు నాటుతున్నారు.

కొత్త_సభ్యుడు:
చర్చ వేడెక్కింది. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో కడితే అందరికీ చోటు సరిపోతుందేమో?

పట్టాల_కొలత:
ఎన్ స్కేలులో కూడా గేజ్ తప్పే.

గోదావరిగట్టు:
గార్డు గారూ, మీ ఇంటి కథ విన్నాను, మా ఇంటిదీ వినండి. మాది గౌతమికి ఇవతల లంక. కాకినాడ వెళ్లాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాలి. మా చెల్లెలి పెళ్లికి మగపెళ్లివారు ఆలస్యంగా వచ్చారు. అప్పటికే ఆఖరి పంటు వెళ్లిపోయింది. పెళ్లికొడుకు అవతలి రేవులో, ముహూర్తం ఇవతల. తెల్లవారుజామున పడవ మాట్లాడి తెచ్చాం. ఇప్పటికీ అత్తవారింట్లో ‘మీ ఊరికి దారే లేదు’ అని దెప్పుతుంటారు. మీ నాన్నగారు వేసిన పట్టాలు పోయాయి. మాకు అసలు వేయనే లేదు.

విశ్రాంత_గార్డు:
రావులపాలెం మీదుగా బస్సులో రావలసింది.

గోదావరిగట్టు:
ఇదీ మీ జవాబు! డెబ్భై ఏళ్లుగా మాకు అందరూ చెప్పింది ఇదే. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండి పట్టుబట్టి తెచ్చారు. 2002లో ఆయన పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు నదుల మీద వంతెనలు. స్తంభాలు లేచినప్పుడల్లా చూడటానికి వెళ్లాను. పాతికేళ్లు దాటింది. అందుకే నా బల్ల మీద రైలు 1985 నాటికే సముద్రం చేరాలి. సరదా కోసం పెట్టిన ఏడు కాదు అది. ఆ ఏటికి నేను పదో తరగతి.

పెట్టెకు_పెట్టె:
అయితే ఇంతసేపూ జరిగింది సైడింగు గొడవ కాదన్నమాట.

విశ్రాంత_గార్డు:
సరే. అలా అయితే ముందే చెప్పవలసింది. ఒక ఉపాయం చెబుతాను. కాలం 2004 తర్వాతకు మార్చండి. కాకినాడ–కోటిపల్లి మధ్య రైలుబస్సు నడిపారు. ఒంటి పెట్టె, రెండు వైపులా నడుస్తుంది. ఇంజను తిప్పుకునే పని లేదు, లూపు అక్కర్లేదు, పాయింట్లు అక్కర్లేదు. మీ వంతెనకు మీటరు పైగా చోటు వస్తుంది. జరిగిన చరిత్రా నిలుస్తుంది.

గోదావరిగట్టు:
లెక్క ప్రకారం మీదే సరి. కానీ నేను పెట్టను. రైలు అడిగితే బస్సు ఇచ్చారు. దాన్ని కూడా నా బల్ల మీద నేనే నడుపుకోవాలా?

మీటర్‌గేజ్_అభిమాని:
రైలుబస్సు ముచ్చటగా ఉంటుంది, పాపం.

పట్టాల_కొలత:
పైగా రైలుబస్సుకు నాలుగే చక్రాలు. 19.26కి మార్చడం చాలా తేలిక. గేజ్ బిళ్లలు నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను.

గోదావరిగట్టు:
పంపించండి, కాదనను. వాడతానని మాత్రం మాట ఇవ్వను.
నిర్ణయం ఇదీ. ఒక పెట్టె తీసేస్తున్నాను. రెండు పెట్టెల ప్యాసింజరు. స్టేషనుకు 115, యార్డుకు 69, వంతెనకు 60 సెంటీమీటర్లు మిగులుతాయి. సైడింగు సముద్రం వైపే. గార్డు గారూ, మీ నాన్నగారి గ్యాంగు గుడిసె ఒకటి పెడదామనుకుంటున్నాను. ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి?

విశ్రాంత_గార్డు:
వంతెన దాటగానే, పట్టాలకు బాగా ఎడంగా. తలుపు పట్టాల వైపు ఉండాలి. పాత స్లీపర్లు నిలువునా పాతి గోడ, పైన పెంకు. బయట గునపాలు గోడకు ఆనించి, కంకర కుప్ప ఒకటి, నీళ్లకుండ నీడలో. ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి చూరులో దోపాలి. చాలామంది బొమ్మల్లో జెండా విప్పి పెడతారు. రైలు లేనప్పుడు ఎవరూ విప్పరు.
ఇంకొకటి. మీ 60 సెంటీమీటర్లు అంటే నిజంలో 52 మీటర్లు. కాలవకు సరిపోతుంది, గౌతమికి చాలదు. గౌతమి వంతెన అని మాత్రం చీటీ పెట్టకండి.

గోదావరిగట్టు:
కాలవ అనే రాశాను కదండీ మొదటి నుంచీ.

విశ్రాంత_గార్డు:
చదివాను. అయినా చెప్పాను.