సోమశంభు పద్ధతిని తెలుగులోకి తేవాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

గుంటూరోడు:
అందరికీ నమస్తే. డిగ్రీలో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్, ఇప్పుడు ఐటీ జాబ్, వీకెండ్ వస్తే ఏదో ఒకటి చదువుకుంటుంటా. ఆమధ్య మందడం పక్కన మల్కాపురం శాసనం గురించి చదివా. 1261లో రుద్రమదేవి కాలంది, కాకతీయ రాజు గణపతిదేవుడి దీక్షాగురువు విశ్వేశ్వర శంభుకి ఇచ్చిన దానం, గుడి, మఠం, సత్రం, వేదం చెప్పేవాళ్లు, ఆరోగ్యశాల, ఆఖరికి ప్రసూతిశాల కూడా ఉంది అందులో! ఆయనది గోళకీ మఠం అనే శైవ గురుపరంపర. అదే పరంపరలో సోమశంభు అనే ఆచార్యుడు 11వ శతాబ్దం చివర్లో సంస్కృతంలో రాసిన పూజా పద్ధతి, అంటే పూజా విధానం చెప్పే పుస్తకం ఉందని తెలిసి పట్టుకున్నా, కర్మకాండక్రమావళి అని కూడా అంటారట. కనీసం నిత్యపూజ వరకైనా తెలుగు చేద్దామని కూర్చుంటే శ్లోకానికి అన్వయం కుదురుతోంది గానీ అక్కడ జరిగే పనేంటో అంతుపట్టట్లేదు. అస్త్రంతో కడగాలట, కవచంతో చుట్టాలట, హృదయంతో ఇవ్వాలట. దీనికి వ్యాఖ్యానం లాంటిది ఏమన్నా ఉందా?

తాటాకు:
అవన్నీ మంత్రాలండీ. హృదయం, శిరస్సు, శిఖ, కవచం, నేత్రం, అస్త్రం అని ఆరు అంగమంత్రాలు, ఏ పనికి ఏది చదవాలో ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతాడు. ఎందుకంటే ఆయన రాసింది మనకోసం కాదు, శైవ దీక్ష తీసుకుని గురువు పక్కన కూర్చుని చూసినవాడికి క్రమం తప్పకుండా ఉండటానికి రాసుకున్నది. భూతశుద్ధి, అంటే ఒంట్లోని పంచభూతాల్ని శుద్ధి చేసుకోవడం, దాని దగ్గరకి వస్తే ఇంకా తెలుస్తుంది మీకు. భూమి పసుప్పచ్చటి చతురస్రం, వజ్రం గుర్తు, నీరు తెల్లటి అర్ధచంద్రం, నిప్పు ఎర్రటి త్రికోణం, ఇలా ఒక్కోటి తన ఒంట్లోనే భావించుకుంటూ శుద్ధి చేసుకుంటూ పోవాలి, అంతా మనసులో జరిగే పని, బయటికి చూస్తే మనిషి కదలకుండా కూర్చుని ఉంటాడంతే. శివుడయ్యాకే శివుణ్ణి పూజించాలి అన్నది వాళ్ల లెక్క.

కాబట్టి ఒంటరిగా చదవొద్దు. పక్కన అఘోరశివుడనే ఆచార్యుడి పూజా గ్రంథం క్రియాక్రమద్యోతిక పెట్టుకోండి, 1158 నాటిది, వచనంలో ఉంటుంది, సోమశంభు కుదించిన చోట ఈయన విప్పి చెప్తాడు. దాని మీద నిర్మలమణి వ్యాఖ్యానం కూడా ఉంది. తంటా ఏంటంటే పాత చిదంబరం ప్రింటు గ్రంథ లిపిలో (తమిళనాట సంస్కృతం రాయడానికి వాడే లిపి) ఉంది, కానీ తెలుగు చదివేవాడికి గ్రంథ లిపి మరీ కొరుకుడుపడనిదేం కాదు. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దేవనాగరిలో రాయించిన శైవగ్రంథాల కాపీలు ముక్తబోధ అనే డిజిటల్ లైబ్రరీ సైట్లో బోలెడు ఫ్రీగా ఉన్నాయి, వెతకండి. సోమశంభుకైతే ఎలెన్ బ్రూనర్ అనే పండితురాలి ఫ్రెంచి అనువాదమే ఇప్పటికీ దిక్కు, నాలుగు సంపుటాలు, 1963లో మొదలై 1998కి పూర్తయింది. మూలం పిసరంత, నోట్సు కొండంత.

సీమపిల్ల:
ఒక టిప్. అగ్నిపురాణంలో శైవ పూజ, దీక్ష అధ్యాయాలున్నాయి కదా, అవి చాలావరకు సోమశంభు శ్లోకాలే, ఎత్తి పెట్టేశారు. అగ్నిపురాణానికి తెలుగు అనువాదం ఉంది కాబట్టి పక్కన పెట్టుకోవచ్చు, కాకపోతే ఎత్తేటప్పుడు పాఠం చాలాచోట్ల చెడింది, అనువదించినవాళ్లు ఆ చెడినదాన్నే తంటాలు పడి అన్వయించాల్సి వచ్చింది, అందుకని నమ్మేయకుండా పోల్చుకోడానికి మాత్రమే వాడండి.

అర్చకులబ్బాయి:
మా నాన్నగారు శివాలయంలో అర్చకులు. దీక్ష లేనివాళ్లు ఇవి చదవకూడదు అంటారాయన, మీరేమో తెలుగు చేసి నెట్‌లో పెడతానంటున్నారు. పూజ వరకు సరే, దీక్షా ప్రకరణం మాత్రం దయచేసి వదిలెయ్యండి. తిట్టడం కాదు, చెప్తున్నా.

తాటాకు:
మీ నాన్నగారి మాట కాదనను, ఆ నిషేధం గ్రంథాల్లోనే ఉంది. కానీ ఈ పుస్తకం 1947లోనే కశ్మీర్‌లో అచ్చయింది, గుట్టు ఎప్పుడో బయటపడిపోయింది. ఇంకోటి, ఈ పుస్తకం వెనకున్న శైవసిద్ధాంతం ప్రకారమే ఆలోచించండి. ఆత్మకి పట్టిన మలం (మురికి) ఉత్త అజ్ఞానం కాదు, అదొక ద్రవ్యం, కంటికి పట్టిన పొర లాంటిది అంటారు. పొర ఉందని తెలుసుకున్నంత మాత్రాన పోదు, వైద్యుడు చెయ్యి పెట్టి తియ్యాలి, ఆ చెయ్యే దీక్ష. జ్ఞానంతోనే మోక్షం అనే అద్వైతులతో ఈ శైవుల గొడవంతా ఇక్కడే. మరి చదివితేనే ఏమీ ఊడిరానప్పుడు, బయటివాడు తెలుగులో చదువుకుంటే వాడికి కొత్తగా ఏ అధికారమూ రాదు కదా. నేనైతే మంత్రాల్లోని బీజాక్షరాలు వదిలేసి విధానం మాత్రం రాస్తా. గుంటూరు గారూ, ఫైనల్‌గా మీ ఇష్టం.

సీమపిల్ల:
బీజాలు వదిలేస్తే అది సగం అనువాదమే అవుతుంది, నేను ఒప్పుకోను. ఆ వాదన ఇంకో థ్రెడ్‌లో పెట్టుకుందాం. గుంటూరు గారూ, మొదట చండపూజ చెయ్యండి, చిన్నది. శివుడి నిర్మాల్యం చండేశ్వరుడికి అప్పగించి పూజ ముగించడం, మన శివాలయాల్లో ఆయన ముందు చప్పట్లు కొట్టి వస్తాం కదా, ఆయనే. అర్చకులబ్బాయి గారూ, మీ గుడిలో నిర్మాల్యం ఆయనకి ఎలా ఇస్తారో మీ నాన్నగారిని అడిగి ఇక్కడ రాయగలరా?