మా ఊళ్లో అరవై దాటినవాళ్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారమండీ. మాది నారాయణపేట జిల్లాలో చిన్న పల్లె. వయసులో ఉన్నవాళ్లు ముంబయి, పుణె వలసపోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. వాళ్లకు ఒక్కపూట భోజనం పెట్టాలని కొందరం అనుకుంటున్నాం.

2011 జనగణనలో మా ఊరు పాత మహబూబ్‌నగర్ జిల్లా కింద దొరికింది. ఇళ్లు, ఆడా మగా, ఎస్సీ, ఎస్టీలు, చదువుకున్నవాళ్లు, ఆరు నెలలైనా పని దొరకనివాళ్లు, అన్నీ ఉన్నాయి. వయసు మాత్రం 0-6 ఏళ్ల పిల్లలదే విడిగా ఇచ్చారు! ఓటరు జాబితాలో వయసుంటుంది గానీ, వలసపోయినవాళ్లూ అందులోనే. పింఛన్ల జాబితాలో అందరూ ఉండరు.

పంచాయతీ కార్యదర్శిని ఏ రిజిస్టరు అడగాలి? లేక ఇంటింటి సర్వే మేమే చేయాలా? చేస్తే, పండక్కి మాత్రమే వచ్చిపోయేవాళ్లను ఎలా రాసుకోవాలి? మీ ఊళ్లో ఇలా చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.