మూకీ సినిమా సాయంత్రం: ఏ సినిమా వేద్దాం, ఎవరేం చేస్తారు?

ప్రోగ్రాం కమిటీ: అందరికీ నమస్కారం. మూకీ వెస్టర్న్, అంటే మాటల్లేని కౌబాయ్ సినిమా అనుకున్నాం కదా, నా ఓటు అప్పటి కౌబాయ్ హీరో విలియం ఎస్. హార్ట్‌కి. లాస్ ఏంజెలెస్ దగ్గర న్యూహాల్‌లో బైసన్‌లను (అమెరికా అడవి దున్నల్ని) చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్తాం చూడండి, ఆ పార్కు ఆయన ఇల్లే. జనమిచ్చిన చిల్లరతో బతికాను, నా తర్వాత ఈ ఇల్లు వాళ్ళకే చెందాలన్నాడు. 1946లో పోయాక లాస్ ఏంజెలెస్ కౌంటీకి దక్కింది. పుట్టింది 1864లో. ఏళ్ళ తరబడి నాటకాలు వేశాడు: షేక్‌స్పియర్, 1899 బెన్‌హర్ నాటకంలో మెస్సాలా అనే విలన్ వేషం. 1914లో సినిమాల్లోకి వచ్చేసరికి 49 ఏళ్ళు. మన హీరోలైతే ఆ వయసులో కాలేజీకి వెళ్తుంటారు, అది వేరే సంగతి.

పిల్లల విభాగం: అన్నా, ఇంకో కౌబాయ్ హీరో ఉన్నాడుగా, టామ్ మిక్స్, ఆయనది వేద్దాం. గుర్రం మీద విన్యాసాలుంటే పిల్లలు కుదురుగా కూర్చుంటారు. హార్ట్ ముఖంలో నవ్వే ఉండదు.

ప్రోగ్రాం కమిటీ: అప్పటి జనం కూడా అదే అన్నారు తమ్ముడూ. దుమ్ముకొట్టుకుపోయిన బట్టలు, తప్పు చేసి మారే మనిషి, ఇదీ హార్ట్ పద్ధతి. 1916 నాటి ‘హెల్స్ హింజెస్’లో ఊరికి ఊరే తగలబడిపోతుంది. 1920ల్లో ప్రేక్షకులు మిక్స్ మెరుపుల వైపు మళ్ళినా ఈయన మారలేదు. 1925లో ‘టంబుల్‌వీడ్స్’తో ఆపేశాడు. మనం వేయాల్సింది అదే. ఓక్లహామాలో ముందు చేరినవాళ్ళకే భూమి అంటే జనం తీసే పరుగు సీను చూడు: ఫిరంగి పేలగానే బళ్ళూ గుర్రాలూ ఒక్కసారిగా కదులుతాయి, వెనకబడ్డ హార్ట్ ఒంటరిగా దౌడు తీస్తూ అందర్నీ దాటుకుపోతాడు. పిల్లలు కుర్చీల్లో ఉండరు, నిలబడతారు.

పిల్లల విభాగం: సరే. కానీ ఆ భూమి అంతకుముందు చెరోకీలనే అక్కడి ఆదివాసీలదని సినిమాకి ముందే ఎవరైనా రెండు ముక్కలు చెప్పాలి. మా పెద్దది ఎలాగూ అడుగుతుంది.

ప్రోగ్రాం కమిటీ: తప్పకుండా. నువ్వే చెప్పు.

సౌండ్, ప్రొజెక్టర్: అన్నా, ఒక చిక్కు. 1925 సినిమా మీద అమెరికాలో కాపీరైట్ 2021 జనవరి 1న తీరిపోయింది. కానీ తర్వాత అతికించిన సంగీతానికి హక్కులు వేరే ఉండొచ్చు. అందుకే సౌండ్ ఆపేసి కీబోర్డు, తబలా లైవ్‌గా పెడదాం. 1939లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ముసలి హార్ట్ తన రాంచ్‌లో నిలబడి ప్రేక్షకులకి వీడ్కోలు చెప్పే ముక్క ఒకటుంది. చూస్తే గొంతు పట్టేస్తుంది. దాని హక్కుల సంగతి తేలేదాకా ప్రోగ్రాంలో రాయకండి.

భోజనాల కమిటీ: ఇంటర్వెల్ ఎక్కడ బాబూ? పునుగులు వేడిగా ఇవ్వాలంటే నాకు ముందే తెలియాలి.

ప్రోగ్రాం కమిటీ: పరుగు సీనుకి ముందు అక్కా. ఆ తర్వాత ఆపితే జనం కొట్టేస్తారు.

సౌండ్, ప్రొజెక్టర్: తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటల్ని అమ్మమ్మలు, తాతయ్యలకి తెలుగులో చదివేదెవరు? రెండో మైకు ఉంది.

భోజనాల కమిటీ: మా ఆయన. నాటకాల పిచ్చి ఉంది, ఒప్పిస్తాను. స్క్రిప్టు మాత్రం పెద్దక్షరాల్లో ప్రింటు తీసి ఇవ్వండి, కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లో మర్చిపోతారు.

ప్రోగ్రాం కమిటీ: అనువాదం నేను మొదలుపెడతాను. తబలా ఇంకా ఖాళీ, ఎవరైనా చెయ్యెత్తండి.