బొలెరో పికప్పా, 14 అడుగుల ఐషరా? కూరగాయల లోడుకి ఏది తీసుకోమంటారు

రామభద్రపురం కూరలు:

అందరికీ నమస్కారం. మాది రామభద్రపురం పక్కన పల్లెటూరు. నాలుగేళ్లుగా కూరగాయల వ్యాపారం చేస్తున్నాను, అంటే రైతుల దగ్గర వంకాయ, చిక్కుడు, టమాట, బీర కొని విజినారం, వైజాగ్ పంపిస్తాను, వారానికి ఒకటి రెండు సార్లు ఒడిశాలో కోరాపుట్ వైపు కూడా. ఇన్నాళ్లూ కిరాయి బండ్ల మీదే నడిపాను. వాటితో బాధేటంటే మనకి కావలసిన రోజునే దొరకవు. మొన్న కార్తీకమాసంలో రాత్రి పదకొండుకి వస్తానన్న బండి తెల్లవారుజామున మూడింటికి వచ్చింది, అప్పటికి 40 క్రేట్ల టమాట రోడ్డు పక్కన మంచులో తడిసి ఉంది, వైజాగ్ చేరేసరికి తెల్లారిపోయి బేరాలన్నీ అయిపోయాయి, క్రేటుకి ఎనభై రూపాయలు తక్కువకి ఇచ్చేసి వచ్చాను. ఆ రోజే అనుకున్నాను సొంత బండి ఉండి తీరాలని.

ఇప్పుడు రెండు చూసి పెట్టుకున్నాను. ఒకటి కొత్త బొలెరో పికప్, 1.7 టన్నుల లోడు మోసేది, ఈఎంఐ నెలకి 17 వేలు అవుతోంది. రెండోది సెకండ్ హ్యాండ్ ఐషర్ లారీ, 14 అడుగుల బాడీది, ఆరు చక్రాలు, 2021 మోడల్, దీనికి 27 వేలు చెప్తున్నారు. మా బావ పెద్దదే తీసుకోమంటున్నాడు, చిన్నది కొంటే రెండేళ్లలో మళ్లీ మార్చాలి అంటాడు. అమ్మ మాత్రం నెల నెలా 27 వేలు అనగానే భోజనం మానేసింది.

నా లోడు రోజుకి టన్నున్నర అనుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూడు టన్నులు కూడా ఉంటుంది. ఎండాకాలంలో ఎనిమిది వందల కేజీలు దొరికినా గొప్పే. నాకు ఎల్‌ఎమ్‌వి లైసెన్స్ (తేలికపాటి బండ్లది) ఉంది, బండి నేనే తోలుకుందాం అనుకుంటున్నాను. ఐషర్‌కి ఈ లైసెన్స్ చాలుతుందా, కోరాపుట్ ఘాట్ రోడ్డుకి పికప్ తట్టుకుంటుందా, తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా నిద్ర పట్టడం లేదు.

దోస్త్ డ్రైవర్, చీపురుపల్లి:

తమ్ముడూ పికప్ తీసుకో, ఆలోచించకు. పొలం గట్టు దాకా వెళ్తుంది. ఆరు చక్రాల బండి వానాకాలంలో పొలాల పుంతలోకి దిగిందంటే ట్రాక్టర్ పిలవాల్సిందే. మెయిన్ రోడ్డు మీద బండి ఆపి ఆటోల్లో సరుకు మోయించుకుంటే ఆ కూలి ఎవరిస్తారు?

సాలూరు లారీ మనిషి:

బాబూ, మాది సాలూరు. మా ఊళ్లో ఇంటికో లారీ అన్నట్టు ఉంటుంది, నాన్నగారి కాలం నుంచి మాకు ఇదే పని, ఇరవై రెండేళ్లుగా నేను కోరాపుట్, ఒడిశా జైపూర్, రాయపూర్ లైన్ తిరుగుతున్నాను. అందుకని ఘాట్ సంగతి ముందు చెప్తాను.

ఎక్కడానికి పికప్ ఎక్కుతుంది. ఆ ఇంజన్ 2523 సిసి, 75 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్. టన్నున్నర వేసుకుని రెండో గేర్లో, మలుపుల్లో ఒకటో గేర్లో మెల్లగా ఎక్కుతుంది, వెనక లారీలు హారన్ కొడతాయి, కొట్టనీ. భయం దిగేటప్పుడే. నువ్వు పైకి కూరగాయలు తీసుకెళ్లి ఖాళీగా దిగవు కదా, అల్లమో చింతపండో రిటన్ లోడు వేసుకుంటావు. సుంకి దాటి పి.కోనవలస వైపు దిగేటప్పుడు కుర్రాళ్లు డీజిల్ మిగుల్తాదని న్యూట్రల్‌లో వదిలేస్తారు, బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగుతారు. నాలుగైదు మలుపులు అయ్యేసరికి డ్రమ్ములు కాలిపోయి ఒక వాసన వస్తుంది, కాలిన కొబ్బరిపీచు లాగ ఉంటుంది. ఆ వాసన వచ్చిందంటే పెడల్ కింద గట్టిగా ఏమీ తగలదు, కాలు మెత్తగా కిందకి పోతుంది. అది ఒకసారి నాకు జరిగింది, అప్పట్లో చిన్న బండి తోలేవాణ్ణి, కొండ వైపుకి తిప్పి మట్టిలోకి ఎక్కించేసి ఆపాను, క్లీనర్ కుర్రాడు దిగి రోడ్డు మీదే కూర్చుండిపోయాడు, అరగంట మాట్లాడలేదు. ఏ గేర్లో ఎక్కేవో ఆ గేర్లోనే దిగు, ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు అప్పుడప్పుడు తట్టి వదిలెయ్యడానికే.

పెద్ద బండికి ఇక్కడ లాభం ఉంది, కాదనను. ఎయిర్ బ్రేకులు ఉన్నవాటికి ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టం మూసి ఇంజన్‌తోనే బండిని నెమ్మది చేసేది) కూడా ఉంటే ఘాట్ దిగడం సగం తేలిక. వెనక నాలుగు టైర్ల మీద లోడు నిలుస్తుంది. టాటా 407 తీసుకున్నా అంతే, 1986 నుంచి నడుస్తున్న బండి, పార్టు దొరకని ఊరు లేదు. కానీ నువ్వు వారానికి ఒకటి రెండు సార్లు ఘాట్ ఎక్కడానికి మిగతా ఐదు రోజులు పెద్ద బండి మేపుతావా అన్నది చూసుకో.

లైసెన్స్ సంగతి: 7500 కేజీల లోపు జివిడబ్ల్యు (బండి, లోడు కలిపి ఉండదగ్గ మొత్తం బరువు) ఉన్న ట్రాన్స్‌పోర్టు బండిని ఎల్‌ఎమ్‌వి లైసెన్స్ మీద తోలొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీం కోర్టు ఐదుగురు జడ్జిల బెంచి తేల్చేసింది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపడానికి ఇది పట్టుకునేవారు, ఇప్పుడు ఆ బాధ లేదు. నువ్వు చూసిన ఐషర్ ఆర్‌సిలో జివిడబ్ల్యు ఎంత రాసి ఉందో చూడు, 14 అడుగులని అందరూ అనేస్తారు గానీ అన్నీ ఒకే బరువువి కావు. పర్మిట్ కూడా అంతే, 3000 కేజీల జివిడబ్ల్యు లోపు అయితే అక్కర్లేదు, 1.7 టన్నుల పికప్ సొంత బరువు కలిపితే ఆ లెక్క దాటిపోతుంది కాబట్టి ఒడిశా వెళ్లాలంటే కాగితాలు ముందే చేయించుకో, చెక్‌పోస్టు దగ్గర రాత్రి పూట బతిమాలుకోడం మన పని కాదు.

ఉద్దానం కొబ్బరి:

తమ్ముడూ మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

2017లో మేమూ ఇలాగే ఆలోచించాం. కొబ్బరి లోడు బాగా ఉంది, పెద్ద బండి అయితే మధ్యలో ఎవరూ లేకుండా మనమే ఒడిశా వైపు పంపొచ్చు అని అన్నదమ్ములం కలిసి ఆరు చక్రాల బండి తీసుకున్నాం. ఏడాది బాగానే నడిచింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. పొద్దున్న తలుపు తీస్తే తోటలో ఆకాశం కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ మా పెరట్లోంచి ఆకాశం అంత కనపడలేదు, చెట్లన్నీ పడుకుని ఉన్నాయి. కొబ్బరిచెట్టు మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఐదారేళ్లు. బండి ఈఎంఐకి మాత్రం నెలకి ఒకసారి వస్తుంది తేదీ.

పలాస జీడిపప్పు లోడు దొరుకుతుందేమో అని తిరిగాం, జీడి తోటలూ అలాగే పడిపోయాయి కదా. ఇసుక తోలాం, ఇటుక తోలాం, నెలలో పది రోజులు బండి వేపచెట్టు కింద ఉండేది. చివరికి అమ్మేసి వచ్చిన దాంట్లో అప్పు కట్టి, మిగిలిన అప్పు ఇంకో రెండేళ్లు కట్టాం. ఇప్పుడు పికప్ ఉంది. లోడు లేని రోజు ఇంటి ముందు పెట్టుకున్నా గుండె కొట్టుకోదు.

నీ లెక్క చూస్తే డిసెంబర్ లోడుని బట్టి బండి ఎంచుకుంటున్నావేమో అనిపించింది. నువ్వు మే నెల లోడు పట్టుకుని కూర్చుని లెక్క వెయ్యి. మూడు నెలల సీజన్‌కి అదనపు బండి కిరాయికి మాట్లాడుకో, ముందే, నవంబర్‌లోనే మాట్లాడుకుని కొంచెం అడ్వాన్స్ ఇచ్చెయ్, అప్పుడు నీకు రాత్రి మూడింటికి రాదు. అమ్మగారికి అన్నం తినమని చెప్పు.

రామభద్రపురం కూరలు:

అన్నా మీది చదివి మా అమ్మకి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆ అబ్బాయికి ఇప్పుడు ఎలగ ఉందో అడుగు" అంది.

ఉద్దానం కొబ్బరి:

బాగున్నాం అని చెప్పమ్మా. కొత్త మొక్కలు కాపు పట్టాయి.

నెల్లిమర్ల ట్రాన్స్‌పోర్ట్:

అందరూ పికప్ అంటున్నారు, నేను రెండో వైపు చెప్తాను, ఎందుకంటే లెక్క రెండు వైపులా ఉంది. రామభద్రపురం నుంచి వైజాగ్ పోను రాను 220 కిలోమీటర్లు వేసుకో. లోడు మీద పికప్ లీటరుకి 12 ఇస్తే 18 లీటర్ల పైన, దగ్గర దగ్గర 1800. ఐషర్ 8 ఇస్తే 27 లీటర్ల పైన, 2700 అనుకో. పికప్‌లో 1500 కేజీలు వేస్తే కేజీకి రూపాయి ఇరవై పైసలు డీజిల్. ఐషర్‌లో మూడున్నర టన్నులు వేస్తే కేజీకి 77 పైసలే. అదే ఐషర్‌లో రెండు టన్నులే వేశావా, రూపాయి ముప్పై ఐదు. అంటే రెండుంపావు టన్నుల దగ్గర రెండూ సమానం, అక్కడి నుంచి పైకి పెద్ద బండిదే గెలుపు. ఇది డీజిల్ ఒక్కటే సుమా, డ్రైవర్ బేటా, క్లీనర్, ఆరు టైర్లు ఇందులో లేవు.

నేను పెద్ద బండి మీద బాగుపడ్డాను. కారణం ఒక్కటే, నాకు రిటన్ లోడు కట్టుగా ఉంది, వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు ఎరువుల షాపుల వాళ్లది, సిమెంట్ వాళ్లది తెచ్చేవాణ్ణి, ఖాళీగా వచ్చిన రోజు నెలలో రెండో మూడో. నీకు అలాంటి పార్టీలు ఇద్దరు ముగ్గురు నోటి మాటగా కాకుండా నిజంగా ఒప్పుకున్నారంటే ఐషర్ తీసుకో. లేదంటే తీసుకోకు. ఇంకో సంగతి, నీ సరుకు అంతా టమాట కాదు కదా, వంకాయ, చిక్కుడు తేలిక, బరువు కంటే ముందు జాగా నిండిపోతుంది. తొమ్మిదడుగుల బాడీలో చిక్కుడు సంచులు వేసి చూస్తే టన్ను కూడా తూగదు. అది కూడా చూసుకో.

స్పానర్ విజినారం:

సెకండ్ హ్యాండ్ ఐషర్ అన్నావు, 2021 మోడల్ అంటే బిఎస్ 6, పొగ మీద కొత్త రూల్ వచ్చాక చేసిన బండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన వాటికి పొగ శుభ్రం చేసే సామాను ఉంటుంది, పాత 407 లాగ సుత్తి, స్పానర్ పెట్టి రోడ్డు పక్కన బాగుచేసే బండ్లు కావు ఇవి. మొన్న ఒక బండి వచ్చింది నా దగ్గరికి, పవర్ లేదు, ఎత్తు ఎక్కడం లేదు అని. పొగ శుభ్రం చెయ్యడానికి పోసే యాడ్‌బ్లూ ట్యాంకు మూత తీస్తే అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పేరుకుపోయి ఉంది, చేత్తో గీకితే పొలుసులు ఊడాయి. చౌకగా వస్తోందని ఎవరో డబ్బాల్లో కలిపి అమ్మింది పోశారు. అసలు యాడ్‌బ్లూ అంటే శుద్ధమైన నీళ్లలో 32.5 శాతం యూరియా, పొలానికి చల్లే యూరియా కుళాయి నీళ్లలో కలిపితే అది అవ్వదు, నాజిల్ పోయి, దాని వెనక సెన్సర్లు పోయి, వరస పెట్టి ఖర్చు. కొనే ముందు ఆ మూత తీసి చూడు, స్కానర్ పెట్టించి పాత ఎర్రర్ కోడ్‌లు చూడు, కావాలంటే నా దగ్గరికి తీసుకురా, డబ్బులు అక్కర్లేదు.

డిపిఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) ఉన్న బండికి చిన్న చిన్న ట్రిప్పులు పడవు. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగి ఆపెయ్యడం, మళ్లీ స్టార్ట్ చెయ్యడం, అలగ చేస్తే మసి కాలదు, లైటు వెలుగుతుంది. నీకు వైజాగ్ ట్రిప్పు ఉంది కాబట్టి పర్వాలేదు. లైటు వెలిగినప్పుడు మాత్రం హైవే మీద ఒక అరగంట ఒకే వేగంతో తోలు, మధ్యలో ఆపకు. టైర్లు రీబటన్‌వి (అరిగిన టైరుకి కొత్త రబ్బరు అతికించినవి) వేసి అమ్మేవాళ్లు ఉన్నారు, పక్క గోడ మీద చెయ్యి పెట్టి తడుము, అతుకు తెలుస్తుంది.

సాలూరు లారీ మనిషి:

ఇందాక మరిచాను. ఓవర్‌లోడ్. పికప్ తీసుకుంటే అందరూ రెండు టన్నులు, రెండున్నర వేసేస్తారు, కమాన్ పట్టీ (చక్రాల మీద లోడు మోసే స్ప్రింగు పట్టీ) అదనంగా వేయించి మరీ. పట్టుకుంటే 20 వేలు ఫైను, పైన టన్నుకి రెండు వేలు, అదనపు సరుకు అక్కడే దింపిస్తారు. టమాట రోడ్డు మీద దింపితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

రామభద్రపురం కూరలు:

అందరికీ పేరు పేరునా దండాలు. నిన్న సాయంత్రం పక్క ఊరి పికప్ ఒకటి దొరికితే క్రేట్లు పట్టుకెళ్లి పేర్చి చూశాను. ఒక వరసకి 20 పట్టాయి. మూడు వరసలకి 60, టమాట 25 కేజీల చొప్పున 1500, ఖాళీ క్రేటు బరువు రెండు కేజీలు కలిపితే 1620. నాలుగో వరస వేస్తే 2160 అవుతుంది, సాలూరు అన్న చెప్పిన ఫైను సరిగ్గా అక్కడ మొదలవుతుంది. మూడు వరసలే అనుకున్నాను.

రిటన్ లోడు గురించి వైజాగ్‌లో ఇద్దరిని అడిగాను. ఒకాయన చూద్దాం అన్నాడు, ఒకాయన ఫోన్ ఎత్తలేదు. మే నెల లెక్క కూడా వేశాను, పాత పుస్తకం తీసి. 27 వేల ఈఎంఐకి మే, జూన్‌లో ఇంట్లోంచి పెట్టాల్సి వస్తుంది, 17 వేలు అయితే లాక్కురాగలను. బావకి చూపించాను, పుస్తకం రెండుసార్లు తిరగేసి "సరే, సీజన్‌కి నాకు తెలిసినవాళ్ల ఐషర్ మాట్లాడి పెడతాను" అన్నాడు, అదే పెద్ద సాయం.

పికప్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు శనివారం అదే బండి కిరాయికి తీసుకుని 60 క్రేట్లతో ఘాట్ పైన పొట్టంగి దాకా వెళ్లి వద్దాం అనుకుంటున్నాను. సాలూరు అన్నా, దిగేటప్పుడు ఎక్కడ ఆపి బ్రేకులు చూసుకోవాలి?

సాలూరు లారీ మనిషి:

సుంకి దగ్గర చదునుగా ఉన్నచోట ఆపు, ఇంకా దిగుడు ఉంటుంది కాబట్టి అక్కడే చూసుకోవాలి. చక్రం మీద చెయ్యి పెట్టకు, దగ్గరగా పెట్టి వేడి చూడు, వాసన చూడు. బాగా వేడిగా ఉంటే పావుగంట కూర్చో, నీళ్లు మాత్రం కొట్టకు, డ్రమ్ము పగుల్తాది. శనివారం నేను ఊళ్లోనే ఉంటాను, వెళ్లేటప్పుడు సాలూరు బైపాస్ దగ్గర ఆగి ఫోన్ చెయ్యి, పక్క సీట్లో కూర్చుని వస్తాను.